పేరు చెప్పని జ్వరం

మద్దులపాడులో పిల్లలకు జబ్బు చేస్తే ఆ జబ్బు కూడా పిల్లల వెంట ఆసుపత్రికి వచ్చి, వరసలో నిలబడి, టోకెను తీసుకుని, తన పేరు తానే చెప్పుకోవాలి. ఈ నిబంధన వచ్చి చాలా ఏళ్ళయింది. మొదట్లో కొన్ని జబ్బులు గొణిగాయి గానీ తర్వాత అన్నీ అలవాటు పడిపోయాయి. మద్దులపాడులో దేనికైనా అలవాటు పడటానికి పెద్దగా సమయం పట్టదు.

అంతకుముందు పద్ధతి వేరుగా ఉండేది. ఏ పిల్లవాడికి ఒళ్ళు వెచ్చబడినా ఊళ్ళో ఉన్న మందులన్నీ ఒకదాని తర్వాత ఒకటి పోసేవారు. తాము ఎవరితో పోరాడుతున్నదీ మందులకు తెలిసేది కాదు. ఏ మందు ఎంతటిదో జబ్బులకు మాత్రం బాగా తెలిసిపోయింది. అందుకని పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. పేరు తెలియని జబ్బుకు మందు ఇవ్వరాదని దాని సారాంశం. సర్క్యులర్ మంచిదే. మంచి సర్క్యులరు మన ఆఫీసుల్లోకి వచ్చాక ఏమవుతుందో అందరికీ తెలుసు.

పొద్దున్నే పిల్లల ఆసుపత్రి వరండాలో జబ్బులన్నీ బెంచీల మీద సర్దుకుని కూర్చుంటాయి. జలుబుకు రోజూ ఉండే పనే గనుక నెలవారీ పాసు ఇచ్చారు. కోరింత దగ్గు ముసలాయన, మొదలుపెడితే ఆపలేడు. గవదబిళ్ళలు మెడకు మఫ్లరు చుట్టుకుని ఎవరితోనూ మాట్లాడడు. మలేరియా రోజు విడిచి రోజు సరిగ్గా అదే వేళకు వస్తాడు. సిబ్బందిలో కూడా అంత క్రమశిక్షణ ఎవరికీ లేదని సూపరింటెండెంటే ఒప్పుకుంటాడు. తట్టు వస్తే మాత్రం జనం లేచి నిలబడతారు. ఎర్రచుక్కల చీర కట్టుకున్న ఆవిడకు వేపమండలు పట్టుకొచ్చి, అమ్మా అని పిలిచి, టోకెను లేకుండా ముందు పంపమని గొడవ చేస్తారు. టీకా వేయించుకున్న పిల్లల గుమ్మం దగ్గర ఆవిడ కాసేపు నిలబడి, లోపలికి పిలిచేవాళ్ళు లేక తిరిగి వెళ్ళిపోతుంది. వరండా చివర ఒక ఖాళీ కుర్చీ ఉంది. అది పోలియోది. రోజూ తుడుస్తారు, ఎవరూ కూర్చోరు. దానిపైన గోడకు మశూచి ఫొటో, ఎండిన దండతో. ఆ రెండూ చూసినప్పుడల్లా మద్దులపాడువాళ్ళకు ఛాతీ కొంచెం పొంగుతుంది. పొంగాల్సిందే మరి.

ఆ వరండాలోకి ఒక సోమవారం సలోమి తన కూతురు బ్లెస్సీని భుజాన వేసుకుని వచ్చింది. సలోమి మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. భర్త ప్రకాశం ఆటో నడుపుతాడు. బ్లెస్సీ మూడో తరగతి. మామూలు రోజుల్లో ఆ పిల్ల నోరు మూతపడదు, ఇవాళ కళ్ళు కూడా తెరవడంలేదు. వాళ్ళ వెనకాల నలగని తెల్లచొక్కా వేసుకుని, తలకు నూనె రాసుకుని, చేతిలో గుడ్డసంచి పట్టుకుని ఒక పెద్దమనిషి నెమ్మదిగా నడిచివచ్చాడు. చూడటానికి శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాడిలా ఉన్నాడు. అదే బ్లెస్సీ జ్వరం. ఎంత జబ్బయినా ఎదురుగా నిలబడితే ఏకవచనం నోటికి రాదు గనుక ఊళ్ళో అందరూ జబ్బుల్ని మర్యాదగానే పిలుస్తారు.

ఆయన సలోమి ఇంటికి వచ్చి వారం దాటింది. మొదటిరోజు సాయంత్రం గుమ్మం బయట నిలబడ్డాడు. మర్నాడు గుమ్మంలోకి వచ్చాడు. ఆ మర్నాడు మంచం కాళ్ళ దగ్గరకు. పొద్దున పూట కాస్త వెనక్కి జరిగేవాడు, సాయంత్రమయ్యేసరికి నిన్నటికంటే ఒక అడుగు ముందుకు వేసేవాడు. తొందరపడే మనిషి కాదు. పిల్ల నాలుక తెల్లగా పూతపట్టింది, అన్నం చూస్తే మొహం తిప్పుకుంది, కడుపు నొప్పంది.

వీధి చివర సూదిమందు రంగారావు దగ్గరకు ముందు తీసుకెళ్ళారు. అక్కడ పేరు అడిగే ఆచారం లేదు. ఆయన సూది వేశాడు, సెలైను పెట్టాడు, పిల్లతో పాటు వచ్చిన జ్వరాన్ని చూసి పాత పరిచయస్థుణ్ణి చూసినట్టు తలాడించాడు. తర్వాత మెడికల్ షాపులో ఏవో మాత్రలు ఇచ్చారు. రెండ్రోజులు వేస్తే కాస్త తగ్గినట్టనిపించింది, ఆపేశారు. తగ్గినదాన్ని ఇంకా తగ్గించడం ఎందుకని ప్రకాశం అన్నాడు. ఆ సాయంత్రం పెద్దమనిషి మంచం మీదికెక్కి పిల్ల పక్కన కూర్చున్నాడు.

ఆసుపత్రిలో గుర్తింపు విభాగానికి సూపరింటెండెంటు పరబ్రహ్మం. ఆయన సర్వీసంతా పేర్లు అడగడంలోనే గడిచింది. మందుల గది తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది.

"పేరు?" అన్నాడు తలెత్తకుండా.

"జ్వరం అండీ," అన్నాడు పెద్దమనిషి.

"జ్వరం ఇంటిపేరు. ఇక్కడికి వచ్చేవాళ్ళలో సగంమంది ఇంటిపేరు అదే. అసలు పేరు చెప్పండి."

పెద్దమనిషి గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటకు చూశాడు.

"చెప్పకపోతే మందివ్వం, తెలుసుగా?"

"తెలుసండి," అన్నాడు ఆయన వినయంగా. తెలుసు గనుకనే చెప్పడంలేదని అక్కడున్న అందరికీ అర్థమైంది, ఒక్క నిబంధనకు తప్ప.

సలోమి కొంగు ముడి విప్పి బజారులో ప్రైవేటు ల్యాబువాళ్ళిచ్చిన చీటీ తీసింది. "ఇందులో టైఫాయిడ్ అని రాశారండీ."

పరబ్రహ్మం చీటీని చూసి నవ్వలేదు. నవ్వే అలవాటు లేదు. "అమ్మా, ఈ చీటీ ఊళ్ళో అందరికీ ఉంది. రేషను కార్డు లేనివాళ్ళకి కూడా ఉంది. మీ ఆయనకు లేదా?"

ఉంది. కాలు బెణికిందని వెళ్ళినప్పుడు ప్రకాశానికి కూడా అదే చీటీ ఇచ్చారు. ఒకసారి ఎవరో తుంటరి సీసాలో టీ డికాక్షన్ పోసి పంపితే దానికీ టైఫాయిడ్ ఉందని, విశ్రాంతి అవసరమని రాసిచ్చారు. రోజూ అందరికీ ఉందని చెప్పే ల్యాబు ఒకరోజు నిజమే చెప్పినా నమ్మేదెట్లా? పరబ్రహ్మం చీటీని మడిచి ఊగుతున్న బల్లకాలు కింద పెట్టాడు. బల్ల కుదురుకుంది.

ఆసుపత్రిలో అసలైన పరీక్ష ఒకటుంది. రక్తం తీసి ప్రత్యేకమైన సీసాలో పోసి, అందులో దాక్కున్నది పెరిగి బయటపడేదాకా కాపలా కాస్తారు. ఆ సీసాల ముందు ఏ జబ్బూ నోరు నొక్కుకుని కూర్చోలేదు. అయితే ఆ సీసాలు అయిపోయాయి. వాటికి ఇండెంటు పంపారు. ఇండెంటు ఎక్కడుందో కనుక్కోవడానికి ఇంకో ఇండెంటు పంపారు.

పిల్లల డాక్టరు వైదేహి బ్లెస్సీని వార్డులో చేర్చుకుంది. ఆవిడ చిన్న వయసులోనే మంచి హస్తవాసి ఉన్న డాక్టరు. పొట్ట మీద చెయ్యి వేస్తే పిల్లలు ఏడుపు ఆపి ఆవిడ మొహంలోకి చూస్తారు. ఆవిడ బ్లెస్సీ నాలుక చూసింది, పొట్ట తడిమింది, తర్వాత వరండాలోకి వెళ్ళి మలేరియాను నిలదీసింది.

"నాకేం సంబంధం లేదు మేడం," అన్నాడు మలేరియా. "నేను వణికించకుండా ఎవరింటికీ వెళ్ళను. కావాలంటే ఆ అమ్మాయి నెత్తురు చుక్క గాజుపలక మీద పెట్టి చూసుకోండి." చూస్తే నిజమే. చారల చొక్కా వేసుకున్న డెంగీ కూడా తనకు తెలియదని ప్రమాణం చేశాడు, అదీ నిజమే అని తేలింది.

"నాకు అనుమానం ఒకదాని మీదే ఉంది," అంది వైదేహి పరబ్రహ్మం గదిలో నిలబడి. "రోజులు గడిస్తే పేగుకు చిల్లు పడే ప్రమాదం ఉంది. తాళం ఇవ్వండి."

"అనుమానానికి మందుల గది తెరవడానికి వీల్లేదు మేడం. సర్క్యులర్ మీకూ పంపాం."

"పిల్ల చచ్చిపోతే?"

పరబ్రహ్మం చాలాసేపు ఆలోచించాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఇంట్లో ఇద్దరు మనవరాళ్ళున్నారు. "అప్పుడు పేరు తెలియని జ్వరం కింద రాస్తాం," అన్నాడు.

వైదేహి బయటకు వచ్చి గోడకున్న మశూచి ఫొటోను కాసేపు చూసింది. ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, దీన్ని ఫొటో చేసేదాకా వదిలిపెట్టలేదు కదా అనుకుని మళ్ళీ వార్డులోకి వెళ్ళింది.

మర్నాటికి బ్లెస్సీ మాట కూడా మానేసింది. పెద్దమనిషి మంచం మీద సర్దుకుని కూర్చుని, చెప్పులు విప్పి మంచం కింద పెట్టుకుని, ఒక చెయ్యి పిల్ల పొట్ట మీద వేశాడు. మెత్తటి చెయ్యి. సలోమికి ఆ చేతిని విరిచెయ్యాలనిపించింది. విరిస్తే పిల్లకే నొప్పి తగులుతుందేమోనని భయమేసింది. వారం రోజులుగా నిద్రలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేక, నర్సు ఇచ్చిన కాచి చల్లార్చిన నీళ్ళు చెంచాతో పిల్ల నోట్లో పోస్తోంది. పోస్తూ పోస్తూ తనకూ గొంతెండిపోయిందని గుర్తొచ్చి గ్లాసులో ఒంపుకుంది.

ఒంపుకుని ఆగిపోయింది. ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఉన్న మనిషిని అడక్కుండా గుక్కెడు నీళ్ళు తాగడం మద్దులపాడులో పుట్టినవాళ్ళకు చేతకాదు. అప్పులవాడు వచ్చినా, పోలీసు వచ్చినా, ముందు మంచినీళ్ళు ఇస్తారు, తర్వాతే తిడతారు. ఇదీ ఆ ఊరి జబ్బే, దీనికి టోకెను మాత్రం లేదు.

"మంచినీళ్ళు తాగుతారా?" అంది సలోమి పళ్ళు కొరుకుతూ.

పెద్దమనిషి మొహం ఒక్కసారిగా మెత్తబడింది. ఆ ఊళ్ళో ఆయన కాపురం ఈనాటిది కాదు. అన్నేళ్ళున్న చోట ఊరి మర్యాదలు ఒంటికి పట్టకుండా ఉంటాయా? ఆయన చెయ్యి చాచాడు, గ్లాసు అందుకున్నాడు, మూతి దగ్గరకు తీసుకెళ్ళి ఆగాడు.

"కాచినవా అమ్మా?"

"ఆ. కాచినవే."

"అయ్యో. కాచినవి నాకు పడవమ్మా," అన్నాడు నొచ్చుకుంటూ, గ్లాసు తిరిగి ఇస్తూ. "చిన్నప్పట్నుంచీ అంతే. మీ వీధి కుళాయి నీళ్ళు ఏమన్నా ఉంటే ఒక గుక్క ఇప్పించండి. పొద్దున్నించీ నోరు ఆర్చుకుపోతోంది."

పక్కమంచం పిల్లవాణ్ణి చూస్తున్న వైదేహి స్టెతస్కోపు చెవుల్లోంచి తీసింది. స్టూలు లాక్కుని, పెళ్ళిపందిట్లో దూరపుచుట్టం పక్కన చేరినట్టు ఆయన పక్కన కూర్చుంది.

"ఏ ఊరండీ మీది?"

"ఈ ఊరేనమ్మా. ఇక్కడే స్థిరపడ్డాం."

"మాకెవరూ చెప్పలేదే. భోజనం ఎక్కడ చేస్తుంటారు?"

"ఎక్కడ పెడితే అక్కడేనమ్మా," అన్నాడు ఆయన. ఇన్నాళ్ళకు అడిగేవాళ్ళు దొరికారని మొహం వెలిగింది. "బడిముందు ఐసుపుల్ల, ఈగలు వాలిన పుచ్చకాయ ముక్క, దొడ్డికెళ్ళొచ్చి చెయ్యి కడుక్కోకుండా కలిపిన ముద్ద. ఏదీ కాదనే అలవాటు లేదు. అసలు మా వంశమంతా నీళ్ళ మీదే బతుకుతామండి."

"మీ బంధువులు?"

"కలరా మాకు పెదనాన్న వరస. ఇప్పుడు పెద్దగా తిరగడంలేదు. పచ్చకామెర్లు మా మేనత్త కొడుకు, మొన్ననే హాస్టల్లో దిగాడు."

"మరి మీ పేరు చెప్పనే లేదు," అంది వైదేహి గొంతు ఏమాత్రం మారకుండా.

"టైఫాయిడ్ అంటారమ్మా నన్ను," అన్నాడు పెద్దమనిషి. అన్నాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అప్పటికే వార్డులో నర్సులు, తల్లులు, సెలైను కట్టుకుని ఉన్న పిల్లలు కూడా విన్నారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు.

పరబ్రహ్మాన్ని పిలుచుకొచ్చారు. ఆయన వచ్చి పేరు అడిగాడు. పెద్దమనిషి కిటికీలోంచి బయటకు చూశాడు. నా సమక్షంలో చెబితేనే చెల్లుతుందని పరబ్రహ్మం అన్నాడు.

"సార్, మీరు అట్లా కాదు అడగాల్సింది," అంది వైదేహి. "భోంచేశారా అని అడగండి."

పరబ్రహ్మం ఇబ్బందిపడ్డాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన ఆఫీసుకొచ్చిన ఎవర్నీ ఆ మాట అడిగి ఉండలేదు. అడగవచ్చునని గానీ అడగకూడదని గానీ ఏ సర్క్యులర్లోనూ లేదు. సలోమి ఆయన వైపే చూస్తోంది. ఆ చూపుకు ఆయన మనవరాళ్ళు గుర్తొచ్చి ఉండాలి. గొంతు సవరించుకుని, "భోంచేశారా?" అన్నాడు.

"ఇంకా లేదండీ," అన్నాడు పెద్దమనిషి కరిగిపోతూ. "టైఫాయిడ్ వచ్చాడు, భోజనం పెట్టండి అని చెబుదామంటే ఇక్కడ నన్ను ఎరిగినవాళ్ళెవరు?"

పరబ్రహ్మం మొలతాడు నుంచి తాళంచెవి విప్పి వైదేహి చేతిలో పెట్టాడు. అప్పుడే ఆయన తన సర్వీసులో మొదటిసారి ఆఫీసు వేళల్లో నవ్వాడని నర్సులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

నర్సు ముందుగా ఊళ్ళో మామూలుగా వాడే మాత్ర తీసుకొచ్చింది. దాన్ని చూడగానే పెద్దమనిషి లేచి చేతులు చాచాడు. "ఏం బాబూ, బాగున్నావా? మొన్న ఈ పిల్ల ఇంట్లో నన్ను సగంలో వదిలేసి వెళ్ళావే." మాత్ర సిగ్గుపడింది. సగం సగం వాడిన ప్రతి ఇంట్లోనూ వాళ్ళిద్దరూ కలుసుకున్నారు, ఇప్పుడు కొట్టుకోమంటే ఎట్లా కొట్టుకుంటారు? వైదేహి ఆ మాత్రను వెనక్కి పంపి, లోపలి అరలోంచి సూదిమందు సీసా తెప్పించింది. దాన్ని పెద్దమనిషి ఎగాదిగా చూశాడు. "వీరెవరో నేనెరగను," అన్నాడు. మొదటిసారిగా ఆయన గొంతులో బెరుకు వినిపించింది. పిల్ల పొట్ట మీది చెయ్యి తీసేశాడు.

ఆ తర్వాత జరిగింది చూడముచ్చటగా జరిగింది. రోజూ సూది పడుతోంది, రోజూ ఆయన ఒక అడుగు వెనక్కి వేస్తున్నాడు. మంచం మీంచి మంచం కాళ్ళ దగ్గరకు, అక్కడ్నుంచి వార్డు గుమ్మానికి. ఎక్కిన మెట్లన్నీ లెక్కగా దిగాడు. ఒక పొద్దున ఆయన ఆసుపత్రి గేటు బయట సిమెంటు బెంచీ మీద కనిపించాడు. బ్లెస్సీ ఒళ్ళు చల్లబడింది. కళ్ళు తెరిచి, తన జడలు ఎవరు ఇంత అధ్వాన్నంగా వేశారని అడిగింది. సలోమి అప్పుడు ఏడ్చింది. దాచుకున్నదంతా కలిపి ఏడ్చింది.

"తగ్గిపోయిందిగా, ఇంటికెళ్దాం," అన్నాడు ప్రకాశం.

"తీసుకెళ్ళండి బాబూ, పిల్లకు గాలి మారుతుంది," అన్నాడు పెద్దమనిషి గేటు బయట్నుంచి, ఎంతో ఆప్యాయంగా.

వైదేహి వంగి మంచం కింద చూపించింది. ఆయన చెప్పులు అక్కడే ఉన్నాయి. "చెప్పులు ఇక్కడ వదిలిన మనిషి వెళ్ళినట్టా, వెళ్ళనట్టా?"

ప్రకాశం ఆలోచించాడు. "మళ్ళీ వస్తాడండీ," అన్నాడు.

"అవి కనిపించకుండా పోయేదాకా మందు ఆపేది లేదు. ఒళ్ళు చల్లగా ఉన్నా సరే, పిల్ల గంతులేస్తున్నా సరే."

ఆపలేదు. చెప్పులు ఒకరోజు మంచం కింద, ఒకరోజు తలుపు వార, ఒకరోజు వరండాలో కనిపించాయి. ఒక పొద్దున ఎక్కడా లేవు. బెంచీ మీద పెద్దమనిషీ లేడు. బ్లెస్సీ పెరుగన్నం గిన్నె నాకి, పక్కమంచం పిల్లవాడితో పెన్సిలు కోసం కొట్లాడి గెలిచింది. వార్డంతా ఆ కొట్లాటను పండగలా చూసింది. డిశ్చార్జి రోజున ఆనవాయితీ ప్రకారం బ్యాండుమేళం వచ్చింది. వరండాలో జబ్బులన్నీ తలలు వంచుకుని దారి ఇచ్చాయి. మలేరియా తన సెలవురోజయినా వచ్చి చూసి వెళ్ళాడు. బ్లెస్సీ తల్లి చెయ్యి విడిపించుకుని, పోలియో కుర్చీ ముందు నిలబడి నాలుక బయటపెట్టి వెక్కిరించింది. నాలుక ఎర్రగా, శుభ్రంగా ఉంది. వైదేహి మొహం చూసి ఎవరైనా ఆ పిల్ల ఈవిడ కూతురే అనుకుని ఉండేవారు.

ఇంతటితో అయిపోయేది గానీ, నయమైన తర్వాత జబ్బును శాశ్వత చిరునామాకు పంపాలని నిబంధనల్లో ఇంకో నిబంధన ఉంది. పరబ్రహ్మం ఇప్పుడు ఆరితేరిపోయాడు గనుక పెద్దమనిషి బెంచీ మీద ఉన్నప్పుడే భోంచేశారా అని మొదలుపెట్టి చిరునామా రాబట్టి ఉంచాడు. సలోమివాళ్ళుండే మునిసిపాలిటీ నాలుగో వార్డులో మంచినీళ్ళ పైపు మురుగుకాలవను దాటేచోట, పైపుకు పగులున్న దగ్గర, లోపలివైపు.

మునిసిపాలిటీకి రాశారు. నీళ్ళ విభాగంవారు వచ్చి చూసి పైపు మాది, పగులు మాది కాదన్నారు. కాలవ విభాగంవారు కాలవ మాది, అందులోంచి పైపులోకి వెళ్ళే నీళ్ళు మాత్రం మా పరిధి దాటాక వెళ్తున్నాయన్నారు. రెండూ కలిసేచోటు ఎవరిదీ కాదని ఇద్దరూ కలిసి సంతకం చేశారు. ఆ రెండు విభాగాలూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు. ఎవరిదీ కాని చోట ఒకరు ఎవరి అభ్యంతరమూ లేకుండా ఇన్నేళ్ళు కాపురమున్నారు గనుక, ఆ చోటు న్యాయంగా వారికే చెందుతుందని ప్లీడరు అభిప్రాయమిచ్చాడు. పగులుకు ఇంటినంబరు వేశారు. నీలంరంగు రేకు మీద తెల్లటి అక్షరాలతో బాగానే ఉంది.

ఆ నెలాఖరున ఆసుపత్రికి సన్మానం జరిగింది. చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ ఇంతమంది పిల్లలకు టైఫాయిడ్ నయం కాలేదు. వేదిక మీద వైదేహికి శాలువా కప్పారు, పరబ్రహ్మానికి కప్పారు, స్థానికుల కోటాలో పెద్దమనిషికీ కప్పారు. బ్లెస్సీ పువ్వుల గౌను వేసుకుని పాట పాడింది. జనం ఈలలు వేశారు. వైదేహి మైకు దగ్గరకు వచ్చి, ఆ పైపు బాగుచేయించండి, పిల్లలకు టైఫాయిడ్ టీకా కూడా తెప్పించండి, ఈ సన్మానం నాకు వద్దు అంది. చప్పట్లు మారుమోగాయి. చైర్మన్ లేచి, కళ్ళు తుడుచుకుని, "మీలాంటి డాక్టరమ్మ ఉండగా మాకు ఆ పైపుతో భయమేంటమ్మా?" అన్నాడు. చప్పట్లు ఇంకా ఎక్కువయ్యాయి. ఆవిడ శాలువా తీసి కుర్చీ మీద పెట్టి ఆసుపత్రికి వెళ్ళిపోయింది. అప్పటికే వరండాలో ఇద్దరు పిల్లలు వచ్చి ఉన్నారు.

మర్నాడు పొద్దున నాలుగో వార్డులో కుళాయి వచ్చింది. ఆడవాళ్ళు బిందెలు వరసలో పెట్టారు. సలోమి బిందె ముందుంది, దాని వెనక పక్కింటి వెంకాయమ్మది.

"అమ్మాయి బాగుందామ్మా?" అంది కుళాయి. పరిచయమైన గొంతే.

సలోమి ఒక్క క్షణం తడబడింది. అడిగినవాళ్ళకు జవాబివ్వకుండా ఉండటం చేతకాలేదు. "బాగుందండీ."

"మందు చివరిదాకా వాడారా?"

"వాడామండీ. ఇప్పుడు నీళ్ళు కూడా కాచే పోస్తున్నాం."

కుళాయి ధార కాస్త సన్నబడింది. "మంచిదమ్మా, అట్లాగే చెయ్యండి," అంది చివరికి, కాస్త చిన్నబుచ్చుకున్న గొంతుతో. బిందె నిండింది. సలోమి పక్కకు తీసింది. వెంకాయమ్మ ముందుకు జరిగి తన బిందె పెట్టింది.

"మీ బాబు ఏ క్లాసమ్మా?" అంది కుళాయి.

"రెండో క్లాసండీ," అంది వెంకాయమ్మ మురిసిపోతూ. "వాడికి మంచినీళ్ళంటే ఎంత ఇష్టమో, ఆడి ఆడి వచ్చి చెంబుడు తాగుతాడు."

"కాచి పోస్తారా?"

"మాకంత తీరిక ఎక్కడండీ."

సలోమి బిందె చంకనెత్తుకుని ఆగింది. ఏదో చెప్పాలనుకుంది. వెనక వరస పెద్దదిగా ఉంది, తప్పుకోమని ఎవరో అన్నారు. ఆసుపత్రి మంచిదే కదా, డాక్టరమ్మ ఉందిగా అనుకుని పక్కకు తప్పుకుంది.

"సాయంత్రం ఇంట్లోనే ఉంటారుగా?" అంటోంది కుళాయి.

"ఉంటామండీ," అంది వెంకాయమ్మ. "రండి."